ఎంగిలి సింథసైజర్

ముసలాయన వంగి, సింథసైజర్ అంచును పళ్లతో కరిచి పట్టుకున్నాడు.

అప్పుడే షాపులోకి అడుగుపెట్టిన ల్యాబ్ టెక్నీషియన్ ముఖం చిట్లించాడు. పొద్దస్తమానం సూక్ష్మదర్శిని కింద జనాల ఉమ్ము చూసే ఉద్యోగం. అసలే నిప్పులు కడిగే మనిషి. ఎంగిలి అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ముసలాయన పట్టు వదలకుండానే, కళ్లు మూసుకుని, ఒక్కో మెట్టూ నొక్కుతున్నాడు. గడ్డం మీదికి చొంగ కారుతోంది.

"ఏం కావాలి సార్?" అన్నాడు షాపతను.

"మా అమ్మాయికి సింథసైజరు. ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించుకునేది. ధర మాత్రం మాకు అందేట్టుండాలి."

పద్నాలుగేళ్ల కూతురికి చెవుల్లోని బుల్లి ఎముకలు బిగుసుకుపోతున్నాయి. ఏడాది తిరిగేసరికి ఎదుటివాళ్ల మాట కూడా వినబడదని డాక్టరు తేల్చేశాడు. ఆలోగా తను కట్టిన పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటానని ఆ పిల్ల పట్టుబట్టింది.

"మీకు అందే ధరలో ఆ పాతదొక్కటే ఉంది సార్. చెక్క పెట్టె, గట్టిది. స్పీకరు లోపలే. ఒక్క వైరుతో కంప్యూటర్‌కి కలుస్తుంది."

షాపతను చూపించింది ముసలాయన కరుచుకున్నదాన్నే.

"అదా! ఛీ ఛీ! ఎవరండీ ఆయన, చెరకుగడలా కొరుకుతున్నాడు?"

"ఎవరో సార్. పొద్దున్నుంచీ అన్నిటినీ కొరికి చూస్తున్నాడు. పొమ్మంటే నవ్వుతాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది."

"చెవుడా? చెవుడొచ్చినవాడికి సంగీతమెందుకు?"

అన్నాక కూతురు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఆ ఒళ్లుమంట కూడా ముసలాయన మీదికే మళ్లింది.

ముసలాయన తలెత్తాడు. అంచును చొక్కాతో తుడిచి, షాపంతా దద్దరిల్లేలా అన్నాడు: "ఇదే తీసుకోండి బాబూ! అమ్మాయికి ఇదే మంచిది. పక్కనున్న ఆ నిగనిగలాడే కొత్తది ఒట్టి డొల్ల!"

జేబులోంచి మడత కాగితం తీసి చాపాడు. వేళ్లు తడితడిగా ఉన్నాయి.

టెక్నీషియన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముట్టుకోకండి! మిమ్మల్ని ఎవరడిగారు? ఏమయ్యా, ఈయన్ని పంపిస్తావా, నన్నే పొమ్మంటావా?"

షాపతను ముసలాయన భుజం పట్టి గుమ్మం దాటించాడు. ఆయన వెనక్కి తిరిగి తిరిగి, ఆ పాతదాన్నే వేలితో చూపిస్తూ పోయాడు.

"మందునీళ్లతో తుడిచిస్తాను సార్."

"ఏడు నీళ్లలో కడిగినా నాకొద్దు. ఆ కొత్తదే కట్టు."

ధర దాదాపు రెట్టింపు. పోతే పోయింది, పిల్ల చేతికి ఒకడి ఎంగిలి అంటలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి వైరు తగిలించాడు. కూతురు మెట్లు నొక్కితే కంప్యూటర్ తెర మీద గీతలు లేచాయి. అంతా సవ్యంగానే ఉంది.

కూతురు చెవి మిషను తీసి పక్కన పెట్టింది. వంగి, మెరిసే ప్లాస్టిక్ అంచును పళ్లతో కరిచింది.

ఆయన చటుక్కున భుజం పట్టి లేపాడు. "ఛీ! ఏం పనే అది?"

తండ్రి పెదాలు చూసి అర్థం చేసుకుంది పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇందులో అదురేమీ రావట్లేదు నాన్నా. షాపులో మాస్టారు నేను రాసిన చీటీ ఇవ్వలేదా? నీ ఫొటో కూడా చూపించానే. మంచిదొకటి చూసిపెట్టి, నువ్వొచ్చేదాకా అక్కడే ఉంటానన్నారు. సాయంత్రం ఐదున్నర రైలుకి ఊరు వదిలి వెళ్లిపోతున్నారు కూడా."

గడియారంలో ఆరు దాటింది.

"ఏ మాస్టారు?" అన్నాడు.

"నువ్వు ఛీ అంటావని చెప్పలేదు నాన్నా... నా వయసులోనే ఆయనకి చెవులు పోయాయట, పళ్లతో పాట ఎలా వినాలో ఏడాదిగా నాకు నేర్పుతున్నది ఆయనే."