రెండో కాగితం

"కాలరు వంకరగా ఉంది," అంది ఫ్లోరా.

వెండెలిన్ క్రామర్ కదలకుండా నిలబడ్డాడు. ఆమె సర్దింది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరేముందు సర్దుతున్నట్టే. కానీ ఇవాళ ఆదివారం కాదు. 1918 జూన్ ఇరవై ఆరు, బుధవారం. జర్మనీ దేశస్థులు ఠాణాలో పేరు రాయించుకోవడానికి గడువు ఇవాళ్టితో సరి.

"ఫొటోలు పెట్టుకున్నావా?"

"నాలుగూ ఉన్నాయి."

కోటు జేబు తడుముకున్నాడు. వాటిని బయటికి తీసి చూసే ధైర్యం మాత్రం అతనికి లేదు.

"ఇదంతా నావల్లే ఫ్లోరా."

"ఇళ్ళ కప్పులు కారుతుంటే జనం ఊరుకుంటారా? పని వదిలి కోర్టుల చుట్టూ తిరగలేకపోయావు. పద, ఎండెక్కుతోంది."

పంతొమ్మిదేళ్ళ వయసులో జర్మనీలోని హెస్సె నుంచి ఓడెక్కి వచ్చాడు వెండెలిన్. చేతిలో రేకులు కోసే కత్తెర, ఒక సుత్తి, అంతే ఆస్తి. ఇవాళ ఈ సిన్సినాటి ఊళ్ళో సగం ఇళ్ళ మీద రేకులు అతను పరిచినవే. వచ్చిన రెండో ఏడే అమెరికా పౌరుణ్ణవుతానని కోర్టులో మొదటి కాగితం రాసిచ్చాడు. కొన్నేళ్ళు ఆగి, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకెళ్ళి రెండో కాగితం తెచ్చుకోవాలి. అది చేతికొస్తేనే పౌరుడు. తీరా ఆ గడువు వచ్చిన ఏడు వడగళ్ళు పడి ఊళ్ళో కప్పులన్నీ చిల్లులు పడ్డాయి. మరుసటి ఏడు పెళ్ళి. ఆపైన హెట్టీ పుట్టింది. సాక్షుల్లో ఒకడు ఊరు మారాడు, ఇంకొకడు పోయాడు. వానలు తగ్గాక చూద్దామనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచాయి. జర్మనీతో యుద్ధం వచ్చాక, ఇక మీ జర్మన్లకు ఇవ్వం పొమ్మన్నారు.

హెట్టీ నదికి అవతల, కవింగ్టన్‌లో ఉంటోంది. పోయినేడు పురిట్లో బిడ్డ దక్కలేదు. హెట్టీ బతికి బయటపడటమే గగనమైంది. మళ్ళీ నెలలు నిండాయి. నిన్న అల్లుడి చేత చీటీ పంపింది. అందులో ఒక్క మాటే ఉంది. 'భయంగా ఉంది.'

వంతెన దాటితే ఇరవై నిమిషాల దూరం. కానీ పేరు రాయించుకుని కార్డు తీసుకున్నవాళ్ళు అనుమతి లేకుండా వంతెన దాటకూడదు. రాయించుకోకపోతే జైలు.

"సార్జెంట్ మెక్‌గ్రాను అడుగుతాను," అన్నాడు మెట్లు దిగుతూ. "ఒక్క వారానికి ఇమ్మంటాను. ఠాణా కప్పు వేసింది నేనే. ఆ మాత్రం మొహమాటం ఉండదూ?"

"అడుగు. అరవకు."

పక్కింటి బ్రిడీ గుమ్మంలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది.

"ఏం క్రామర్, జర్మనీ రాజు కైజరుగారు రమ్మన్నారా? పొద్దున్నే సింగారించుకుని బయల్దేరారు!"

"ఈసారి మీ ఇల్లు కారితే ఆ కైజరునే నిచ్చెనెక్కించు బ్రిడీ," అంది ఫ్లోరా, ఆగకుండానే.

బ్రిడీ పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసి, "హెట్టీకి ఎలా ఉంది?" అని అడిగింది.

ఫ్లోరా నడక వేగం పెంచింది.

ఠాణాలో జనం వరుసగా నిలబడి ఉన్నారు. రొట్టెల షాపువాళ్ళు, సారా పీపాల వాళ్ళు, అంతా తెలిసినవాళ్ళే. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. ఎటు వెళ్ళాలో వెండెలిన్ ఎవరినీ అడగలేదు. తిన్నగా ఎడమచేతి వైపు గదికి నడిచాడు.

వాళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"కూర్చోండి," అన్నాడు సార్జెంట్ మెక్‌గ్రా. "మీ ఇంటి సంగతులు నాకు తెలియనివా? కాగితం నేనే నింపేశాను. ఫొటోలు ఇలా ఇవ్వండి."

వెండెలిన్ కవరు బల్ల మీద పెట్టాడు. దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఒక్క మాట సార్జెంట్. మా హెట్టీకి రేపో ఎల్లుండో పురుడు. వారం రోజులకు వంతెన దాటడానికి అనుమతి కావాలి. పురుడు కాగానే తిరిగి రావడమే. ఇంకెక్కడికీ వెళ్ళేది లేదు."

మెక్‌గ్రా కలం కింద పెట్టాడు.

"నా చేతిలో లేదు క్రామర్. పైనుంచి రావాలి. రెండు మూడు వారాలు పడుతుంది."

"పిల్లకు రెండు మూడు రోజులు కూడా లేవయ్యా!"

"నెమ్మది," అంది ఫ్లోరా.

"మా చెల్లెలు పోయింది పురిట్లోనే," అన్నాడు మెక్‌గ్రా. "మీ బాధ నాకు తెలియక కాదు. ఇవాళ చూసీ చూడనట్టు వదిలేస్తే, రేపు ఎవడో ఒకడు పైవాళ్ళకు చెబుతాడు. నా ఉద్యోగం పోతుంది. మీ ఇంటికి పోలీసు బండి వస్తుంది."

"రానీ. నన్ను ఎక్కించుకుపొమ్మనండి. కాగితం తెచ్చుకోని వెధవను నేను. ఎన్నాళ్ళయినా జైల్లో పెట్టుకోమనండి."

"అలా కుదరదు క్రామర్. మీకూ తెలుసు."

ఫ్లోరా అతని వేళ్ళను ఒక్కొక్కటిగా కవరు మీంచి తీసింది. మెక్‌గ్రా తల వంచుకుని సిరా పలకను ముందుకు జరిపాడు.

భర్త ఏ దేశస్థుడైతే భార్యా ఆ దేశస్థురాలేనన్న చట్టం ప్రకారం, ఈ ఊళ్ళోనే పుట్టి, జర్మనీ నేల మీద ఏనాడూ కాలుపెట్టని ఫ్లోరా, ఫిబ్రవరిలో మగవాళ్ళ వంతప్పుడు వెండెలిన్ వేసినట్టే, శత్రుదేశస్థుల జాబితాలో తన పదివేళ్ళ ముద్రలూ వేసింది.