మూడు టిక్కులు

“నేను చేసిన గేమ్ ఆన్‌లైన్ల పెట్టేటప్పుడు ఫోను, మ్యాక్, లినక్స్, అన్నిటికీ టిక్ పెట్టమన్నది నువ్వే నాయినా!” అంది కెజియా. “అది విండోస్‌ల తప్ప నడువది. అందరు తిడుతున్నరు. సైటోళ్లు నా గేమే తీసేస్తరంట.”

“‘లేదు’ అంటే గిరాకీ పోతది బిడ్డా,” అన్నాను.

మేడ్చల్‌లో నా పైపుల షాపు ముప్పయ్యేళ్లుగా ‘లేదు’ అనకుండానే నడుస్తోంది.

ఇంతలో పాత గిరాకీ జనార్ధన్ షాపుకు వచ్చి ఇంచు వాల్వు అడిగాడు.

“ఉన్నది, కూసో,” అంటూ వెనక తలుపు వైపు నడిచాను.

“ముంగటికెల్లే పో యోబు అన్నా,” అని నవ్వాడు జనార్ధన్. “పక్క షాపుకెల్లి తెస్తవని నాకెర్కలేదా? నువ్వు ఉరికి తెస్తవనే నీ దగ్గరికొస్త.”

కెజియా నన్నే చూసింది. “నా గేమ్‌కు ఎవరు ఉరుకుతరు నాయినా?”

ముందు తలుపులోంచే వెళ్లి వాల్వు తెచ్చాను.

“ఆ మూడు టిక్కులు తీసెయ్ బిడ్డా,” అన్నాను.