పదకొండు టైర్ల కానుక

గురువారం రాస్తారోకోకు ముందు ఐలయ్య చేయాల్సిన పనులు ఇవి: యూసుఫ్ పంక్చర్ దుకాణం నుంచి పదకొండు పాత టైర్లు తేవాలి. రెండు డబ్బాల కిరోసిన్ చూడాలి. డప్పుల వాళ్లకు చెప్పాలి. జెండా కర్ర విరిగింది, కొత్తది కొట్టాలి. అన్నిటికంటే ముందు, పొడి దుక్కిలో పెట్టిన పత్తి గింజలు బతికున్నాయో లేదో తవ్వి చూడాలి.

చివరి పనిని కాగితం మీద రాయలేదు. తెలంగాణ కోసం రోడ్డెక్కే జేఏసీ కన్వీనర్ జేబు కాగితంలో సొంత పత్తి గింజలు ఉంటే ఏం బాగుంటుంది?

"టైర్లు ఇయ్యం కాకా," అంది తబస్సుమ్, దుకాణం ముందు అడ్డంగా నిలబడి. యూసుఫ్ కూతురు. జఫర్‌గఢ్‌లో ఆ ఇంటి మొదటి డిగ్రీ ఆమెదే.

"ఏందే బిడ్డా, తెలంగాణ వద్దా నీకు?"

"తెలంగాణ కావాలె, వానా కావాలె. టైరు కాలిస్తే మసి లేస్తది. కంటికి కానరాని రేణువులు. గవి మబ్బుల చేరితే వానకు అడ్డం పడుతయి."

"పొగకూ వానకూ ఏం చుట్టరికమే?"

"మొన్న రోడ్డు మీద వంటావార్పు చేసినం గదా. వంద మందికి వండిన పప్పు వెయ్యి ఇస్తార్లల్ల వడ్డిస్తే ఏమైంది?"

"ఏమైతది? ఎవ్వని కడుపు నిండలే. తిట్లు మాత్రం నాకు నిండుగ పడ్డయి."

"మబ్బుల నీళ్లు గూడ గంతే. ఒక్కో రేణువు పట్టుకొని ఒక్కో చుక్క తయారైతది. రేణువులు ఎక్కువైతే చుక్కలు చిన్నగైతయి. బరువు లేని చుక్క కిందికెట్ల రాలుతది? ఇంకోటి, పొగ నేలకు గొడుగు పడుతది. నేల మంచిగ కాగితేనే సముద్రం మీది గాలి మన దిక్కు జోరుగ వచ్చేది."

ఐలయ్య తలెత్తి చూశాడు. ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. నాలుగెకరాల్లో గింజ పెట్టి పన్నెండు రోజులైంది. ఇంకో నాలుగు రోజులు వాన చుక్క పడకపోతే అంతా మట్టిలోనే మాడిపోతుంది. మళ్లీ విత్తే తాహతు ఆయనకు లేదు.

"అయితే నా పదకొండు టైర్లే వానను ఆపుతయా?"

"ఒక్క నీయే కాదు కాకా. ఊరూరి పొగ, బొగ్గు పొగ, బండ్ల పొగ, పట్నం పొగ, అన్నీ కలిస్తే. పొగ ఒక్క తాన ఉండదు. గాలి ఎటు పోతే అటు పోతది."

ఈ చివరి మాట దగ్గర ఐలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఇప్పుడు గాలి ఎటు పోతుంది?"

"పడమటి నుంచి తూర్పుకు."

తూర్పున కొత్తగూడ ఉంది. అక్కడా గురువారమే రాస్తారోకో. అక్కడ కాలిన టైర్ల పొగ ఇటు తిరిగి రాదు.

"పాపం, అడవి ఊరు," అన్నాడు ఐలయ్య గొంతు జీరబోయేలా. "వాళ్లకు టైర్లు ఏడ దొరుకుతయి? మన ఊరి కానుకగా పంపుదాం."

"కాకా, నేను చెప్పింది గది కాదు!"

"తీస్కపో ఐలన్నా," అన్నాడు యూసుఫ్ లోపలి నుంచి. "గవిట్ల ఎలుకలు చేరి పరేషాన్ ఉన్నం."

పెళ్లికి పెట్టే గిన్నెల మీద పేరు కొట్టించినట్టు, ఐలయ్య ప్రతి టైరు మీద తెల్ల రంగుతో 'జఫర్‌గఢ్ ఐలయ్య' అని రాయించాడు. మంగళవారం పొద్దున డ్రైవర్ సోమ్లా ట్రాలీ ఆటో ఆ టైర్లను ఎక్కించుకుని, నాలుగుసార్లు దగ్గి, కదిలింది.

"ఇంటికి చుట్టమొస్తే చాయ్ పొయ్యవు, కొత్తగూడకు టైర్లు పంపినవా!" అని భార్య కొమురవ్వ బుగ్గలు నొక్కుకుంది.

గురువారం రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టారు. డప్పులు మోగాయి. బందోబస్తుకు వచ్చిన పోలీసు జమేదారే ఆశ్చర్యపోయాడు. "ఏందయ్యా, పొగ లేదు?"

"మాది పొగలేని పోరాటం సార్," అన్నాడు ఐలయ్య ఛాతీ విరిచి.

అప్పుడే వరంగల్ దిక్కు నుంచి నల్లటి పొగ లేచింది.

"ఎవడ్రా వాడు! నా గింజల నోట్లె మన్ను కొట్టేటోడు!" ఐలయ్య జెండా కర్ర పట్టుకుని ఉరికాడు. పొగ ఆయనకు ఎదురొచ్చింది. ఆ పొగలోంచి సోమ్లా ట్రాలీ బయటపడింది. ట్రాలీలో పదకొండు టైర్లు. ఒక్కో టైరుకు రెండేసి బంతిపూల దండలు.

"దింపలేదేందిరా?"

"దింపనిస్తే గదనే! కొత్తగూడల బీక్యా పెద్దమనిషి, గింత ప్రేమ ఎందుకని అడిగిండు. నాకు అబద్ధం రాదు. పప్పు, ఇస్తార్లు, గొడుగు, తబస్సుమక్క చెప్పినయన్నీ చెప్పిన. ఆయన తన మక్క చేను దిక్కు ఓసారి చూసుకున్నడు. దండలేసి, మొగుళ్లపల్లికి కానుక అన్నడు."

"మరి మొగుళ్లపల్లోళ్లు?"

"ఆడి పెద్దమనిషి ఎల్లస్వామన్న కోడిని కోసిండు. తినుకుంట ఆయనకూ అన్ని చెప్పిన. ఆయనా దండలేసిండు. టైరు మీద నీ పేరు సదివి, గింత త్యాగం చేసినోళ్ల సొమ్ము మనకొద్దన్నడు."

"మరి గీ పొగేందిరా?"

"ఇంజన్ పాయె అన్నా. మూడు దినాల సంది, మూడు ఊర్ల పొడుగునా, గిదే పొగ."

తబస్సుమ్ దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "పదకొండు టైర్లు కాల్చినా గింత పొగ రాకపోతుండె కాకా."

ఆ పొగ తాపీగా రోడ్డు దిగి, పక్కనే ఉన్న ఐలయ్య నాలుగెకరాల మీద గొడుగులా విచ్చుకుంది.

తెల్ల రంగుతో పేరు రాసిన టైరు ఎప్పుడైనా మీ ఊరికీ కానుకగా వస్తే, జఫర్‌గఢ్ ఐలయ్యను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుంటే చాలు, దాన్ని తిరిగి పంపకండి.