పిల్లి పథ్యం

“ఇందులో ఉప్పేదిరా?” అన్నాడు కుబాత్, మొదటి ముద్ద నోట్లో ఉండగానే.

ఎసెన్‌గుల్ తలెత్తలేదు. ఇద్దరూ ముప్పై ఏళ్లు కొండదారుల్లో లారీలు తోలారు. కుబాత్ ఇవాళ కోచ్‌కోర్ నుంచి మంచులో బస్సెక్కి నారిన్ దాకా వచ్చాడు. అలాంటివాడి ముందు పెట్టిన విందు వంటకం బేష్‌బర్మాక్‌లో ఉప్పు లేదు, ఉల్లిపాయ లేదు, పైన ఉండాల్సిన గుర్రపు మాంసం కజీ ఒక్క ముక్క లేదు. ఉడికిన కోడి, గుమ్మడికాయ, పిండి పట్టీలు, అంతే.

“ఇంట్లో ఉప్పు లేదు,” అన్నాడు ఎసెన్‌గుల్.

“పక్కింట్లో అడిగి తేనా?”

“వద్దు. పిల్లికి పడదు.”

బోజ్ అప్పటికే ఎసెన్‌గుల్ మోకాలి మీద కూర్చుని ఆయన కంచంలో మూతి పెట్టింది. కుబాత్ పిల్లిని చూశాడు, స్నేహితుణ్ణి చూశాడు.

“అయితే ఈ విందు నాకు కాదన్నమాట. దొరగారికి పెట్టింది, మిగిలితే మనకి.”

“టీ పొయ్యనా అన్నయ్యా?” అని వంటింట్లోంచి ఆయన భార్య కలీపా కేకేసింది. “మీగడ మాత్రం లేదు.”

“అది కూడా దానికి పడదా అమ్మా?”

కుబాత్ నవ్వుతూనే వెళ్లాడు. ఆ నవ్వు రేపటికల్లా కోచ్‌కోర్ టీకొట్లన్నిట్లో వినిపిస్తుందని ఎసెన్‌గుల్‌కి తెలుసు. తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి కోపం నషాళానికంటింది.

“వచ్చిన మనిషికి చప్పిడి కూడు పెడతావా? నా పరువు గంగలో కలిపావు గదే ముసలీ.”

“పిల్లిని చంపుకుంటావా మరి?” కలీపా గిన్నెలు తోముతూనే అంది. “దానికి పదిహేనేళ్లు. ఉప్పు తింటే నీళ్లకోసం అల్లాడుతుంది, ఉల్లిపాయ దానికి విషం. డాక్టరమ్మ చెప్పింది.”

“దానికి వేరే వండి చావు.”

“వేరే గిన్నెలో పెడితే అది ముట్టిందా ఏనాడన్నా? నీ కంచంలోనే తింటుంది. అలవాటు చేసిందెవరు?”

ఎసెన్‌గుల్ పిల్లి వీపు నిమిరాడు. చేసింది ఆయనే. బోజ్ కళ్లు తెరవకముందు నుంచీ ఆయన లారీ కేబిన్‌లో, ఆయన కంచంలోనే పెరిగింది. కనుమ మీద మంచులో బండి ఆగిపోయిన రెండు రోజులూ చొక్కాలోపల దూరి ఆయన ఛాతీకి వెచ్చగా ఉన్నది ఆ పిల్లే.

“సంచుల్లో అమ్ముతారుగా, ముసలి పిల్లుల తిండని. అది కొను.”

“రెండు కిలోల సంచి మూడు వేల సోమ్‌లు. నీ పింఛనుకి అది కొంటే మనిద్దరం గడ్డి తినాలి. పైగా వాసన చూసి మొహం తిప్పుకుంది. కోడీ గుమ్మడీ అయితే చవగ్గా పోతుంది, ముగ్గురికీ ఒక్క కుండ.”

ఇదీ నెలరోజులుగా సాగుతున్న భాగవతం. అల్లుడు పంపిన కజీ పొరుగింటికి పోయింది. ఉప్పు డబ్బా ఎటుపోయిందో దేవుడికెరుక. ఏమన్నా అంటే పొయ్యి పక్కన గోడకి గుచ్చిన డాక్టరు చీటీ చూపిస్తుంది. ఆ రాత ఎలుక సిరాలో పడి పాకినట్టు ఉంటుంది, ఎసెన్‌గుల్‌కి ఒక్క అక్షరం అంతుపట్టదు. ఇంటి యజమాని పిల్లి కోసం పథ్యం చెయ్యడమా? తన కోసం ఏనాడూ ఒక్క ముద్ద తగ్గించుకోని మనిషాయన. ఎవరైనా తగ్గించుకోమంటే ఆ రోజు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. బోజ్ కాబట్టి నోరు కట్టుకున్నాడు. అయినా దేనికైనా ఒక హద్దుంటుంది.

పొద్దున్నే గోడ మీది చీటీ పీకి జేబులో కుక్కుకున్నాడు. కలీపా నీళ్లకి వెళ్లి ఉంది.

పశువుల సంత చివర పశువుల డాక్టరు జమీరా ఆస్పత్రి. ఆమె ఒక గొర్రెకి సూది వేసి చేతులు కడుక్కుంటోంది.

“ఏమ్మా, ఏం పథ్యం రాశావు మా పిల్లికి? దానితోపాటు మేమంతా చప్పిడి తినలేక చస్తున్నాం. ఎప్పుడు మారుస్తావు?”

“మీరెందుకు తింటున్నారు ఆతా?” జమీరా ఆశ్చర్యపోయింది. “ఉప్పు, ఉల్లి వెయ్యకముందే దాని వాటా రెండు చెంచాలు పక్కకి తియ్యమన్నాను, అంతే. మీ కంచంలోనే తింటుందంటే, ఓ మూల పెట్టి తినిపించమన్నాను. మిగిలింది మీరు ఎలాగైనా వండుకోవచ్చు.”

ఎసెన్‌గుల్‌కి ఒళ్లు మండిపోయింది. నెలరోజులు. కజీ. కుబాత్ నవ్వు.

“చూశావా మా ముసలిదాని బుద్ధి. నేను ఛాతీలో జలుబు చేసి మూడ్రోజులు పెద్దాసుపత్రిలో పడుంటే, ఆ సందులో పిల్లిని నీ దగ్గరికి మోసుకొచ్చింది. నాకేం, డాక్టరు భుజం తట్టి గుర్రంలా ఉన్నావన్నాడు. తర్వాత ముసలిదాన్ని లోపలికి పిలిచి ఏదో మాట్లాడాడు. ఇంటివాళ్లతో మాట్లాడ్డం వాళ్లకి అలవాటేగా. బయటికొచ్చిన దగ్గర్నుంచీ దానికి పిల్లి పిచ్చి పట్టుకుంది.”

జమీరా తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

“నువ్వు అంత సులువుగా చెబితే ఇంత పొడుగు చీటీ ఎందుకు రాశావు?”

“నేను చీటీ రాయలేదు ఆతా. నోటితోనే చెప్పాను.”

“మరి ఇదేంటి?” ఎసెన్‌గుల్ నలిగిన కాగితం బల్ల మీద కొట్టాడు. “చదువు. నీ పిల్లి వైద్యం ఏంటో నేనూ వింటాను.”

జమీరా కాగితం సాపు చేసి వెలుతురుకి పట్టింది. ఒక్కో మాటా కూడబలుక్కుంది. ఉప్పు పూర్తిగా మానాలి. కొవ్వు, కజీ, మీగడ ముట్టకూడదు. ఇంకో పోటు వస్తే కష్టం. రోగికి కంగారు పడే స్వభావం, చెప్పొద్దు. అక్కడ ఆమె గొంతు తగ్గింది.

“ఆగావేం? ఇంకా ఏముంది?”

జమీరా కాగితం బల్ల మీద పెట్టి, చివరి వరుస మీద వేలుంచింది.

“బరువు తొంభై రెండు కిలోలు అని ఉంది, ఆతా.”