పదమూడో ఆటగాడు

"గంగన్నను తీసుకుంటే నేను ఆడ." కెప్టెన్ తల్హా జెర్సీ విప్పి బెంచీ మీద పడేశాడు.

"ఆడకు," అన్నాడు కోచ్ జలంధర్. "పన్నెండు మందితోనే దిగుతం. గంగన్న మాత్రం ఉంటడు."

"అందరుండంగ నీకు గాయనే దొరికిండా అన్నా? బంతి ముట్టక మూడేళ్లాయె. ఎదురుంగ మనిషొస్తే పక్కకు జరుగుతడు. రగ్బీల జరిగెటోడు ఎందుకు?"

వద్దన్న పని చేయడం జలంధర్‌కు కొత్త కాదు.

ఆర్మూరులో కబడ్డీ ఆడిన మనిషి. రాడ్లు కట్టే పనికి ఖతర్ వచ్చాడు. సైట్‌లో ఒక ఆస్ట్రేలియా ఇంజనీరు జట్టుకు పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ నేర్పాడు. కబడ్డీలాగే మనిషిని పట్టి పడేయాలి. కాకపోతే చేతిలో కోడిగుడ్డు ఆకారంలో ఒక బంతి. "దెబ్బ తగిలితే డ్యూటీ ఎవడు చేస్తాడు?" అని ఫోర్‌మన్ అరిచాడు. జలంధర్ ఏడేళ్లు ఆడాడు.

ఒక సెమీఫైనల్లో మోకాలు పోయింది. నడిస్తే చాలు, మైదానం మరిచిపో అన్నాడు డాక్టరు. తొమ్మిది నెలలకు జలంధర్ కుంటుకుంటూ అదే మైదానానికి వచ్చాడు, మెడలో విజిల్‌తో.

ఊళ్లో, గల్ఫ్ అంటే దుబాయే అనుకునే తల్లి బాలవ్వ ఫోన్లో ఏడ్చింది. "దుబాయ్‌ల ఇంకా గా ఆటేనా కొడుకా? కాలు పాయె, సాలదా?"

"కాలే పోయింది అవ్వా. ఆట పోలే."

తల్హాతో ఈ గొడవకు ముందే గంగన్న కోసం అతను వరుసగా నాలుగు శుక్రవారాలు మెసైమీర్ అనే పేట అవతల ఇంకో కంపెనీ క్యాంపుకు వెళ్లాడు. మూడుసార్లు గంగన్న గదిలోంచి బయటికే రాలేదు. నాలుగోసారి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"నాతోని కాదన్నా. మనిషిని తాకాలంటే చేతులు వణుకుతున్నయి."

"అయితే నన్ను తాకు." జలంధర్ ఇసుకలో కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. "గుద్దు. యల్లా, కానియ్యి!"

గంగన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. జలంధర్ కదల్లేదు.

"ఏడువు. ఇయ్యాల కాకుంటే వచ్చే శుక్రవారం నిలబడ్త. నేనైతే పోను."

చాలాసేపటికి గంగన్న భుజం అతని ఛాతీకి మెల్లగా తగిలింది.

ఫైనల్ రోజు తల్హా గొణుక్కుంటూనే జెర్సీ తొడుక్కున్నాడు. ఆట చివరి నిమిషం. వీళ్లది రెండు పాయింట్ల ఆధిక్యం. అవతలి జట్టులోని భారీ మనిషి ఒకడు బంతి చంకలో పెట్టుకుని అందరినీ దాటేశాడు. చివరి గీత అవతల బంతిని నేలకు తాకిస్తే వాళ్లకు నాలుగు పాయింట్లు. గీతకూ అతనికీ మధ్య మిగిలింది గంగన్న ఒక్కడే.

తల్హా కళ్లు మూసుకున్నాడు.

"జరగకు గంగన్నా!" జలంధర్ గొంతు చించుకున్నాడు.

గంగన్న జరగలేదు. భుజం వంచి దూసుకుపోయాడు. ఇద్దరూ దబ్బున కూలారు. బంతి గీతకు అడుగు ఇవతల ఆగిపోయింది. రెఫరీ విజిల్ ఊదాడు.

తల్హా అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. గంగన్న అతన్ని పట్టించుకోలేదు. కింద పడిన మనిషి కాళ్లు తడిమాడు. "ఓకే? ఓకే?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ మనిషి నవ్వి లేచి నిలబడ్డాక గానీ ఊపిరి తీసుకోలేదు.

జలంధర్ కుంటుకుంటూ వచ్చి గంగన్న కుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

మూడేళ్ల కిందట సెమీఫైనల్లో జలంధర్ మోకాలు విరగ్గొట్టిన భుజం అదే.