రెండుసార్లు తట్టి

ఆ రోజుతో కొండ మీద చెట్టన్నది లేకుండా పోయింది. రంపం మిషన్ పట్టిన చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఒళ్ళు హూనమై, ముద్దయినా మింగకుండా అతను మంచం మీద వాలిపోయాడు. ఇల్లు కొండ కిందే. బయట వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది.

టక్. టక్.

"ఏమయ్యా, ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు," అంది భార్య, పిల్లని జోకొడుతూ.

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి తీశాడు. ఎవరూ లేరు. కొండ మీంచి దిగిన బురదనీళ్ళు గుమ్మాన్ని ఒరుసుకుని పారుతున్నాయి. కీచురాళ్ళ రొద కూడా లేదు.

తలుపు వేశాడో లేదో మళ్ళీ టక్, టక్. ఈసారి కొండవైపు గోడ మీద.

ఆ చప్పుడు అతనికి తెలుసు. నరికేముందు నాన్న గొడ్డలి వెనక్కి తిప్పి, మానును రెండుసార్లు తట్టేవాడు. "లోపలున్నవి బయటికి పోవాలి కదరా," అనేవాడు. కాసేపు ఆగి, అప్పుడు వేటు వేసేవాడు. మిషన్ వచ్చాక అంత తీరిక ఎవరికుంది? అతను ఒక్క చెట్టునూ తట్టలేదు.

"ఎవరంట?"

"ఎవరూ లేరు. లే, పిల్లని ఎత్తుకో. బయటికి పోదాం."

"ఈ వానలోనా? పిచ్చిగానీ పట్టిందా? పొద్దున చూద్దాంలే, పడుకో."

గోడకు చెవి ఆనించాడు. తట్టడం ఆగిపోయింది.

తట్టాక నాన్న ఎంతసేపు ఆగేవాడో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు.