వరస చివరి సీటు

ఒక ట్రాన్సిస్టర్ రెండోదానికి నాలుగింతల వెడల్పు. రెండూ జోడీ కుదరాలని చిప్‌లో భాగాల అమరిక గీసే లేఔట్ ఇంజినీరమ్మ వాటిని ఒకే కొలత ముక్కలు చేసి, వరసగా పేర్చి, రెండు చివర్లా చెరో డమ్మీ పెట్టింది. డమ్మీకి పనేమీ ఉండదు. తయారీలో అంచుకు తగిలే దెబ్బ తాను తిని లోపలివాటిని కాపాడుతుందంతే.

ఆఫీసులో ఆమెనూ ఇవాళే వరస చివరి సీటుకు మార్చారు. రాత్రి ఒంటరిగా కంప్యూటర్లో ఆ డిజైన్ని పరీక్షిస్తే డమ్మీలో కరెంటు కనిపించింది. దానికి ఏ తీగా కలపలేదే. తెర మీద ఆ కరెంటు చూపే గీత మెల్లగా లేస్తోంది, దిగుతోంది. భయంతో ఆమె ఊపిరి బిగబట్టింది. ఆ గీత కూడా ఆగింది.

వాచ్‌మన్ తలుపు తీసి చివరిదాకా చూశాడు. “ఎవరూ లేరు సార్, తాళం వేసేస్తున్నా” అన్నాడు ఫోన్లో. లైట్లు ఆరిపోయాయి.

“అన్నా, నేనున్నాను,” గొంతు చించుకుని అరిచిందామె.

అతను వెనక్కి తిరగలేదు. ఆ కేకకు ఉలిక్కిపడింది తెర మీది గీత ఒక్కటే.